అత్తారిళ్లలో మిగిలిన ఊరు

కెమెరాకి ‘ఇప్పుడు’ తప్ప ఇంకేదీ పట్టదు. సెకనులో రెండొందల యాభయ్యో వంతు సేపు తలుపు తెరిచి, ఎదురుగా ఉన్నదాన్ని లోపల వేసుకుని మూసేస్తుంది. నిన్న అక్కడ ఏముందో దానికి అనవసరం. అలాంటి పరికరం చేతికిచ్చి మార్పు గురించి చెప్పమన్నారు మాకు. విశాఖలో జర్నలిజం పీజీ చదువుతున్నాను. రెండో ఏడాదిలో ఒక్కొక్కళ్లం ఒక ఫోటో వ్యాసం చెయ్యాలి. మా బ్యాచికి వచ్చిన అంశం ‘మార్పు’.

క్లాసులో సగంమంది ఆ సాయంత్రం టీ తాగేలోపే తేల్చేసుకున్నారు. మూతపడ్డ సినిమా హాలు ఒకరికి, మల్టీప్లెక్సు ఒకరికి, పెంకుటింటి పక్కన లేచిన అపార్ట్‌మెంటు ఇంకొకరికి. నేను ఉప్పాడ అని రాసిచ్చాను. మా అమ్మ పుట్టి పెరిగింది ఆ ఊళ్లోనే. ఆవిడ పుట్టిన ఇల్లు ఇప్పుడు లేదు, ఆ ఇల్లున్న వీధీ లేదు. రెండూ సముద్రంలో ఉన్నాయి.

ఉప్పాడ కాకినాడకి ఉత్తరాన, సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది. చీరలు కట్టేవాళ్లకి జాందానీ నేతతో తెలుసు. 2009లో ఆ నేతకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మిగతావాళ్లకి తుపాను వార్తలతో తెలుసు. కాకినాడ నుంచి వచ్చే బీచ్ రోడ్డు మీదకి అలలు ఎగిరిపడటం, రోడ్డుకి కాపలాగా పేర్చిన బండరాళ్లే దొర్లుకొచ్చి రోడ్డుకి అడ్డంపడటం, బళ్లు ఆపేసి చుట్టూ తిప్పి పంపడం టీవీల్లో చూసే ఉంటారు.

ఆ దృశ్యాలు నాకు అక్కర్లేదని ముందే అనుకున్నాను. తుపాను ఫోటో వార్త చెబుతుంది, మార్పు చెప్పదు. ఇరవై అడుగుల అల ముందు రెయిన్‌కోటు వేసుకుని నిలబడ్డ మనిషిని ఏ తీరంలోనైనా తీయొచ్చు. ఊళ్లోవాళ్లకీ ఆ ఫోటోలంటే విసుగే. మెడలో కెమెరా చూడగానే చేపలు ఆరబెడుతున్న ఒకావిడ, ‘ఏటమ్మా, తుపానేమైనా వస్తందా? మీరొచ్చారంటే మాకు బయమేస్తది’ అంది. నవ్వుతూనే అంది గానీ ఎత్తిపొడుపు లేకపోలేదు. అందుకే సముద్రం నెమ్మదిగా ఉండే రోజుల్లో, సంక్రాంతి వెళ్లాక, వేసవి ముదరకముందు తిరిగాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో మరబోట్ల వేటకి నిషేధం. అది మొదలయ్యేలోపు బోటు మీద చెయ్యాల్సిన పని ఒకటుంది నాకు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఫోటో వ్యాసమంటే మంచి ఫోటోలన్నీ వరసగా పేర్చడం కాదు. మాకు పాఠంగా చెప్పేది యూజీన్ స్మిత్ 1948లో ‘లైఫ్’ పత్రికకి చేసిన ‘కంట్రీ డాక్టర్’. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని ఓ చిన్న ఊరి డాక్టరు వెంట మూడు వారాలకి పైగా తిరిగి తీసిన బొమ్మలవి. అందులో అందరికీ గుర్తుండిపోయేది, రాత్రి ఆపరేషన్ ముగించుకుని వచ్చి కాఫీ కప్పు పట్టుకుని వంటింటి గట్టుకి చేరగిలబడ్డ డాక్టరు బొమ్మ. విడిగా చూస్తే అలిసిపోయిన ఓ మనిషి, అంతే. దానికి ముందున్న బొమ్మలన్నీ చూసి అక్కడికి వస్తే గుండె పట్టేస్తుంది.

మార్పు చెప్పడానికి ఇంకో దారి కూడా ఉంది. అదే చోట నిలబడి మళ్లీ తియ్యడం. నికొలస్ నిక్సన్ అనే ఆయన 1975లో మొదలుపెట్టి 2022 దాకా ఏడాదికొకటి చొప్పున తన భార్యనీ, ఆవిడ ముగ్గురు చెల్లెళ్లనీ ఒకే వరసలో నిలబెట్టి ఫోటో తీశాడు. వాటిని వరసగా చూస్తే వయసు ఎలా వచ్చి కూర్చుంటుందో తెలుస్తుంది. మార్క్ క్లెట్ బృందం 1977 నుంచి 79 దాకా అమెరికా పశ్చిమ ప్రాంతాల్లో, వందేళ్ల కిందట సర్వేవాళ్లు ఎక్కడెక్కడ కెమెరా నిలబెట్టారో వెతికి పట్టుకుని, నీడల పొడవు చూసి వేళ కూడా కుదుర్చుకుని అవే దృశ్యాలు మళ్లీ తీసింది. రెండూ పక్కపక్కన పెడితే చాలు, చూసేవాళ్లే తేడా వెతుక్కుంటారు.

నాకు నచ్చిన దారి ఇదే. అయితే దీనికి ముందు పాత ఫోటో కావాలి. ఉప్పాడలో ఎవరింటికి వెళ్లి అడిగినా ఒకటే జవాబు: ఇంటితోపాటే పోయాయి. ఇల్లు కూలేటప్పుడు మనుషులు ముందు పిల్లల్నీ, వలల్నీ, గ్యాస్ బండనీ బయటికి తెచ్చుకుంటారు. ఆల్బమ్ కోసం ఎవరు వెనక్కి పరిగెడతారు? గోడకి తగిలించిన పెళ్లి ఫోటో ఒకటీ అరా మిగిలినా, ఉప్పుగాలికి రంగు పోయి మొహాలు తెల్లటి మచ్చల్లా ఉన్నాయి.

పిఠాపురంలో మా ఇంట్లో, అమ్మ ఇనప్పెట్టెలో పట్టుచీరల అడుగున మాత్రం ఆల్బమ్ భద్రంగా ఉంది. 1999లో అమ్మ పెళ్లి ఉప్పాడలో పుట్టింటి ముందే జరిగింది. పెళ్లయ్యాక చీరలతోపాటు ఆల్బమూ పిఠాపురం వచ్చేసింది. అప్పుడు తట్టింది. పెళ్లిళ్లు అమ్మాయి ఇంట్లో జరిగాయి, ఆల్బమ్‌లు అమ్మాయితోపాటు వెళ్లిపోయాయి. అంటే ఉప్పాడ ఫోటోలు ఉప్పాడలో కాదు, ఆ ఊరి ఆడపిల్లల అత్తారిళ్లలో ఉంటాయి! తుని, యానాం, కాకినాడ, అన్నవరం. అమ్మ ఫోన్లు చేసిపెట్టింది. నేను బస్సులెక్కి తిరిగాను. ఏ ఇంటికెళ్లినా ముందు భోజనం, తర్వాత ఆల్బమ్.

ఆ ఆల్బమ్‌లు చూడటం ఒక వింత. ఫోటోగ్రాఫరు దృష్టంతా పెళ్లికూతురి మీదే. ఊరు ఏదో పొరపాటున వెనకాల పడింది. తలంబ్రాల వెనక కొబ్బరిచెట్లు. అప్పగింతల్లో ఏడుస్తున్న చుట్టాల భుజాల మధ్య నుంచి ఓ బావి గట్టు. కారెక్కుతున్న పెళ్లికొడుకు వెనక గోడ మీద ఎన్నికల రాత. ఫిల్మ్ కెమెరా రోజులు కాబట్టి కొన్నింటికి కింద మూలన నారింజరంగు అంకెల్లో తారీఖు కూడా పడింది, నా పని తేలికైంది. నేను భూతద్దం పెట్టి ఆ గోడలూ స్తంభాలూ చూస్తుంటే అమ్మకి కోపం వచ్చింది. ‘పాతికేళ్లకి నా పెళ్లి ఫోటోలు తీసి చూస్తున్నావు, నా మొహం చూడవేమే, వెనకాల గోడ చూస్తావు?’

పాత ఫోటోలు దొరికాక రెండో చిక్కు. సముద్రం ఎంత లోపలికి వచ్చిందో చూపించడానికి ఒడ్డుని ఎప్పుడు తియ్యాలి? ఈ సంగతి నాకు చెప్పింది మా చిన్నమ్మమ్మ వాళ్ల పక్కింటి తాత. చిన్నప్పుడు కర్ర తెప్ప మీద వేటకి వెళ్లిన మనిషి, ఇప్పుడు ఫైబర్ బోటుకి కొడుకులు యజమానులు. ‘పొద్దున తీసిందీ మధ్యాహ్నం తీసిందీ పక్కపక్కన పెడితే సముద్రం ఊరు మింగేసినట్టే ఉంటాదమ్మా. నమ్మేస్తారు కూడా’ అన్నాడు. రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. అది కూడా రోజురోజుకీ సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. పౌర్ణమికీ అమావాస్యకీ నీరు నడుమెత్తు లేచి దిగుతుంది. చదునైన ఇసుక మీద ఆ ఎత్తు పదుల అడుగుల దూరం అవుతుంది. దానికితోడు వానాకాలంలో అలలు ఇసుక కోసుకుపోతాయి, శీతాకాలం తర్వాత కొంత తెచ్చి పోస్తాయి. ఆగస్టు ఫోటో పక్కన ఫిబ్రవరి ఫోటో పెట్టి సముద్రం వెనక్కి తగ్గిందని కూడా చెప్పొచ్చు. ‘అప్పుడు, ఇప్పుడు’ అని వాట్సాప్‌లో తిరిగే జంట ఫోటోలు చూస్తే ఇప్పుడు నాకు ముందు వచ్చే అనుమానం ఇదే: ఏ నెల, ఏ వేళ?

కాబట్టి ఒడ్డుని కొలబద్దగా పెట్టుకోకూడదు, కదలని వాటిని పెట్టుకోవాలి. మా అమ్మ పెళ్లి ఫోటోల్లో ఒకటుంది. అమ్మానాన్నా పందిరి కింద నిలబడ్డారు. వాళ్ల వెనక వీధి, వీధి చివర దూరంగా గుడి శిఖరం. దానికి ఆనుకున్నట్టుగా ఎడంపక్క నీళ్ల ట్యాంకు. కుడిపక్క ఓ డాబా మూల, ఆ మూలనుంచే మొలిచినట్టు తాటిచెట్టు. ఆ ఫోటో తీసినాయన నిలబడ్డ చోటు ఇప్పుడు నీళ్లలో ఉంది. ఎక్కడని వెతకడం?

తాతకి ఫోటో చూపించాను. కళ్లజోడు పైకి తోసి రెండు నిమిషాలు చూశాడు. ‘ఇదేముంది. గుడీ ట్యాంకూ ఇలా కలవాలి, డాబా మూలా చెట్టూ ఇలా కలవాలి. రెండూ ఒకేసారి కలిసిన చోట ఆపితే సరి’ అన్నాడు. వాళ్లు నడిసముద్రంలో వల చిక్కిన చోటు గుర్తుపెట్టుకునేదీ ఇలాగేనట. ఒడ్డున ఉన్న రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి వచ్చేలా చూసుకుంటే ఒక గీత, ఇంకో రెండు గుర్తులతో ఇంకో గీత. గీతలు రెండూ కలిసేది ఒక్కచోటే. మార్క్ క్లెట్ పుస్తకాల్లో నేను చదువుకున్నదీ అదే లెక్క. తాత కొడుకులు ఇప్పుడు ఫోన్లో జీపీఎస్ చూస్తారు. తాత మాత్రం ఇంకా తల తిప్పి ఒడ్డు వైపే చూస్తాడు.

తెల్లవారుజామున, గాలి లేవకముందు, ఆయన చిన్న కొడుకు బోటు మీద తీసుకెళ్లాడు. ఒడ్డు మరీ దూరమేం కాదు, కేకేస్తే వినబడుతుంది. ట్యాంకు మెల్లగా శిఖరం వైపు జరుగుతూ వచ్చింది. ‘ఇంకొంచెం... ఇంకొంచెం... ఆ, ఇదిగో’ అని తాత అనగానే నొక్కడం మొదలుపెట్టాను. డాబా లేదు, తాటిచెట్టు మాత్రం ఉంది. డాబా మూల ఎక్కడుండాలో తాతే అంచనా కట్టి చెప్పాడు కాబట్టి ఆ రెండో గీత మీద నాకు పూర్తి భరోసా లేదు. ఆ మాట ఫోటో కింద కూడా రాశాను. బోటు ఊగుతుంటే ఒక్క ఫోటోలోనూ నీటి గీత అడ్డంగా కుదరలేదు. లెన్సు మీద ఉప్పు తుంపర పడింది. అందంగా లేదు గానీ కెమెరా సరైన చోట ఉంది. ముందు భాగమంతా నీళ్లు, ఆ వెనక నల్ల బండరాళ్ల వరస, దాని మీద నుంచి తలెత్తిన శిఖరమూ ట్యాంకూ. పెళ్లి ఫోటోలో అవి ఎంతెంత ఉన్నాయో ఇక్కడా అంతే ఉన్నాయి.

ఎందుకిలా అన్నది ఫోటోలో పట్టదు, రాత చెప్పాలి. సముద్రం ఊరికే ఊరి మీదకి రాదు. ఒడ్డు నిలబడాలంటే కొట్టుకుపోయినంత ఇసుక మళ్లీ వస్తూ ఉండాలి. మన తీరంలో ఆ ఇసుక సరఫరాదారు గోదావరి. వానాకాలపు గాలులకి ఒడ్డు వెంబడి ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. తర్వాత పైన, మహారాష్ట్ర దాకా, ఎన్నో ఆనకట్టలు కట్టారు. నీళ్లతోపాటు ఒండ్రూ అక్కడే ఆగిపోయింది. 1970ల్లో గోదావరి ఏటా మోసుకొచ్చిన ఒండ్రు 15 కోట్ల టన్నుల దాకా ఉంటే, 1990లకి అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. ఆ మిగిలిన ఇసుక కూడా ఉప్పాడ దాకా రావడానికి అడ్డాలున్నాయి. గోదావరి ఇసుకే పేరుకుని సుమారు రెండు వందల ఏళ్లలో పెరిగిన హోప్ ఐలాండ్ కాకినాడకి చెయ్యి అడ్డుపెట్టినట్టు పదహారు కిలోమీటర్ల పొడవున ఉంది. దాని చాటున కాకినాడ క్షేమం. కాకినాడ రేవు కోసం సముద్రంలోకి కట్టిన గోడలు ఇసుక నడకని ఇంకొంత ఆపుతాయి. వీటన్నిటికీ ఉత్తరాన, ఏ చాటూ లేకుండా ఉన్నది ఉప్పాడ. ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు, జియోట్యూబులంటారు, వరసగా వేసి రాళ్లు పేర్చారు ఒకప్పుడు. తుపాన్లకి అవి చిరిగి, చెదిరిపోయాయి. వాటి నల్లటి పేలికలు ఇప్పటికీ రాళ్ల మధ్య కనబడతాయి.

వీటి ఫలితాన్ని గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు వెనక్కి జరుపుకుంటూ ఎవరైనా చూడొచ్చు. లాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచీ భూమిని ఫోటోలు తీస్తూనే ఉన్నాయి. ఒడ్డు గీత ఎలా జరిగిందో అందులో స్పష్టంగా తెలుస్తుంది. కానీ అంత ఎత్తునుంచి చూస్తే ఊరు కదిలినట్టు ఉండదు, గీత కదిలినట్టు ఉంటుంది. ఊరు ఎలా కదిలిందో మా చిన్నమ్మమ్మ ఇంటి గుమ్మం దగ్గర చూశాను.

సముద్రం ఒక్క రాత్రిలో వచ్చి ఊరు మింగిందని బయటివాళ్లు అనుకుంటారు. అలా కాదు. చిన్నమ్మమ్మ వాళ్లది ఇది మూడో ఇల్లు. అల పెరట్లోకి రాగానే పెంకులు విప్పుతారు, వాసాలు దించుతారు, తలుపులు ఊడదీస్తారు. పనికొచ్చేవన్నీ బండికెత్తుకుని వెనక వీధిలో మళ్లీ కట్టుకుంటారు. ఆ గుమ్మం మొదటి ఇంటిదే, టేకుది. మూడిళ్లకీ అదే పెట్టారు. కిందిభాగం పుచ్చిపోతే జానెడు కోసి సిమెంటు దిమ్మ మీద నిలబెట్టారు, అందుకే మా పొడుగు మావయ్యలందరూ తల వంచి వెళ్లాలి. దాని పక్క కమ్మీ మీద రంగు పెచ్చులూడి ఉంది. పైన ఇప్పటి నీలం, దాని కింద ఆకుపచ్చ, ఇంకా కింద ఇటుకరంగు, అట్టడుగున ఎప్పటిదో పసుపు. పసుపు తర్వాత ఇంటికో రంగు. ఆ పెచ్చుని మాక్రో లెన్సుతో అరచెయ్యంత దూరం నుంచి తీశాను. నా ఫోటోలన్నిటిలోనూ పక్కన జత అక్కర్లేకుండా ఒంటరిగా నిలబడి మార్పు చెప్పింది అదొక్కటే. ‘గుమ్మానికి రంగేయించాలని ఆరు నెలల నుంచీ మొత్తుకుంటుంటే ఎవడూ వినడు, నువ్వేమో దాన్నే ఫోటో తీస్తావు, పరువు తీస్తావా’ అని చిన్నమ్మమ్మ చీవాట్లు పెట్టింది.

ఇంకో వరస ఫోటోలు వేళ్లవి. ‘మీ ఇల్లు ఎక్కడుండేది?’ అని అడగండి, ఎవరైనా చెయ్యి చాచి నీళ్ల వైపు చూపిస్తారు. ఆ చేతులే తీశాను. గాజుల చెయ్యి, వల తాళ్లకి కాయలు కాసిన చెయ్యి, రేషన్ కార్డు పట్టుకున్న చెయ్యి. ఎవరు దేన్ని చూపిస్తున్నారో ఓ డ్రాయింగు షీటు మీద గుర్తుపెట్టుకుంటూ పోయాను: రామాలయం, బడి, వలలు ఆరేసే దిబ్బ, మంచినీళ్ల బావి. బావి దగ్గర గొడవొచ్చింది. బావి గుడికి ఇవతలని ఒకావిడ, అవతలని ఇంకొకావిడ. పంతం పట్టుకుని మధ్యాహ్నం వంటలు ఆలస్యం చేసుకున్నారు. చివరికి తుని నుంచి తెచ్చిన అప్పగింతల ఫోటో తీసి చూపిస్తే తేలింది, అవతలే. ఓడిపోయినావిడ ‘ఫోటోలో తిరగేసి పడుంటాది’ అని వెళ్లిపోయింది.

వదిలేసిన ఫోటోల సంగతి కూడా చెప్పాలి. తుపాను వెళ్లాక ఈ ఒడ్డున జనం దువ్వెనలూ పుల్లలూ పట్టుకుని ఇసుకలో బంగారం వెతుకుతారు. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత టీవీలన్నీ అదే చూపించాయి. మునిగిపోయిన గుళ్లదనీ ఇళ్లదనీ అంటారు. ఆ కథ పెట్టమని స్నేహితులు చాలా చెప్పారు. అది పెడితే చూసేవాళ్లకి బంగారం ఒక్కటే గుర్తుంటుంది, ఇంకేదీ గుర్తుండదని నేను పెట్టలేదు. కూలిన గోడల ఫోటోలూ చాలావరకు తీసేశాను. శిథిలం ఫోటోలో ఎప్పుడూ అందంగానే వస్తుంది, అదే దాంతో వచ్చిన చిక్కు. సాయంత్రపు ఎండలో సగం కూలిన గోడ చూసి ‘వావ్’ అంటారు. ఆ గోడ వెనక వీధిలో కొత్త గోడ కట్టుకుంటున్న మనిషిని చూడరు.

ప్రింట్లన్నీ మా ఇంటి హాల్లో నేలమీద పరిచి వరస కుదర్చడానికి కూర్చున్నాను. మొదట్లో పెళ్లి ఫోటో, బోటు ఫోటో జంటగా పెట్టుకుని, చివర గుమ్మం పెట్టాను. అమ్మ వచ్చి చూసి ఆ రెంటినీ విడదీసి, పెళ్లి ఫోటో మొదట, బోటు ఫోటో బాగా చివరికి జరిపింది. పక్కపక్కన ఉంటే ఒక్క చూపులో అయిపోయేది. మధ్యలో చేతులూ, గుమ్మమూ, కొత్త గోడా దాటుకుని వస్తే, నీళ్లు కనబడేసరికి అక్కడ ఎవరెవరు ఉండేవారో చూసేవాళ్లకి తెలిసి ఉంటుంది. ఏ పుస్తకమూ చదవకుండా ఆవిడ చేసిన ఎడిటింగ్ నా ఎడిటింగ్‌కన్నా మెరుగ్గా ఉందని ఒప్పుకోక తప్పలేదు.

కాలేజీలో మార్కులు ఓ మాదిరిగా వచ్చాయి. వేరేవాళ్లు తీసిన పాత ఫోటోలు ఎక్కువయ్యాయని ఒక అభ్యంతరం. అది సబబేనా అన్నది నాకింకా తేలలేదు. ఉప్పాడలో చూపించినప్పుడైతే నా ఫోటోల దగ్గర ఎవరూ ఎక్కువసేపు ఆగలేదు, అందరూ పాతవాటి మీదే పడ్డారు. కాపీలు కావాలన్నారు. వాట్సాప్ గ్రూపు ఒకటి పెట్టాం. యానాం నుంచీ, కాకినాడ నుంచీ ఇంకా వస్తున్నాయి: ఓణీల ఫంక్షన్లు, సీమంతాలు, ఓ బడి పిల్లల గ్రూపు ఫోటో. వచ్చినదాన్ని వచ్చినట్టు స్కాన్ చేసి, ఏ వీధో ఎవరు చెబితే వాళ్ల మాట పక్కన రాసి పెడుతున్నాను.

చిన్నమ్మమ్మ మనవరాలికి సంబంధం కుదిరింది. పెళ్లి ఇంటి ముందే, ఫోటోలు నేనే తియ్యాలట. ‘పెళ్లికూతురొక్కత్తే కాదే, వీధి మొత్తం పడాలి. గుడి వైపు ఓసారి, సముద్రం వైపు ఓసారి’ అని ఇప్పటినుంచే పురమాయిస్తోంది. దానికోసం వైడ్ లెన్సు అద్దెకి మాట్లాడాను. పెళ్లికూతురికి మాత్రం ఈ ఏర్పాటేం నచ్చలేదు. ‘అక్కా, అంత వెడల్పు పెడితే నేను చీమంత పడతాను. వీధి సంగతి నువ్వు వేరే రోజు చూసుకో’ అని దెబ్బలాడుతోంది.